నూనె ముక్కిన వాసన దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం నింపాదిగా చదివాను. భాష హాయిగా ఉంది, ఎక్కడా విసుగు రాలేదు. కానీ అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి "మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు ఫ్రీ రాడికల్స్‌తో పోరాడి కణాలను కాపాడతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేసి, వెంటనే ఉసిరికాయ, గ్రీన్ టీ, దానిమ్మ అంటూ జాబితాలోకి వెళ్లిపోయావు. ఆ వాక్యం ఏ హెల్త్ పేజీ తిరగేసినా కనిపిస్తుంది. అది చదివిన మనిషికి ఏది దేన్ని ఎక్కడ ఆపుతోందో ఏమీ తెలియదు, ఉసిరికాయ మంచిదని మాత్రం ఇంకోసారి విన్నట్టవుతుంది. నీకు రాసే శక్తి ఉంది కాబట్టి చెప్తున్నాను, ఆ ఒక్క వాక్యాన్ని విప్పి రాయి. వ్యాసమంతా అందులోనే ఉంది.

మొదలెక్కడ అంటే పాఠకుడి ముక్కు దగ్గర. పాత వేరుశెనగపప్పు డబ్బా మూత తీస్తే వచ్చే ముక్కిన వాసన తెలియనివాళ్లు మన ఇళ్లలో ఉండరు. గాలిలోని ఆక్సిజన్ గింజల్లోని నూనెతో కలిసింది, కొవ్వు ఆమ్లాలు విరిగి చిన్న చిన్న ఆల్డిహైడ్లలాంటివి తయారయ్యాయి, ఆ ఘాటు వాటిదే. మన కణాల చుట్టూ ఉండే పొర కూడా చాలావరకు ఇలాంటి కొవ్వు ఆమ్లాలతో కట్టిందే, అక్కడ జరిగే నష్టం మూలంలో ఇదే రసాయన చర్య. ఆ సంగతి గట్టిగా చెప్పు, ఎందుకంటే ఇది తెలిశాక 'కణత్వచం' అన్న మాట చూసి పాఠకుడు టెన్షన్ పడడు.

తర్వాత కొంచెం ఓపిక పట్టి ఆ చర్యను దగ్గర నుంచి చూపించు. లినోలియిక్ ఆమ్లం తీసుకో, నువ్వుల నూనెలోనూ పొద్దుతిరుగుడు నూనెలోనూ దండిగా ఉండేదే. దాని కార్బన్ వరుసలో రెండు డబుల్ బాండ్లు ఉంటాయి, ఆ రెండింటి నడుమ ఉన్న కార్బన్ మీది హైడ్రోజన్ వదులుగా ఉంటుంది. ఎక్కడినుంచో ఒక రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో నిలకడ లేకుండా తిరిగే అణువు, వచ్చి ఆ హైడ్రోజన్‌ని లాక్కుంటే కొవ్వు ఆమ్లమే రాడికల్ అయిపోతుంది, వెంటనే దానికి ఆక్సిజన్ అతుక్కుని పెరాక్సిల్ రాడికల్ అవుతుంది, అది పక్కనున్న కొవ్వు ఆమ్లం హైడ్రోజన్‌ని లాక్కుంటుంది, ఇప్పుడు ఆ పక్కది రాడికల్, అది తన పక్కదాని మీద పడుతుంది. ఒక్కటి చెడితే ఒక్కటితో పోదు. వరుసగా చెడుతూ పోతే పొర బిగువు తప్పి, లోపల ఉండాల్సినవి బయటికి, బయట ఉండాల్సినవి లోపలికి కారడం మొదలవుతుంది. నీ వ్యాసంలో ఈ గొలుసు లేదు. గొలుసు లేకపోతే యాంటీఆక్సిడెంట్ ఏం చేస్తుందో చెప్పడానికి చోటే ఉండదు.

అది చేసేది గొలుసును తెంపడం. విటమిన్ ఇ, అంటే ప్రధానంగా ఆల్ఫా టోకోఫెరాల్, తన పొడవాటి తోకను పొర లోపలి కొవ్వులో దించుకుని, తలను పొర అంచు దగ్గర పెట్టుకుని ఉంటుంది. పెరాక్సిల్ రాడికల్ ఎదురైతే తన హైడ్రోజన్‌ని తానే ఇచ్చేస్తుంది. పక్కనున్న కొవ్వు ఆమ్లం మీద ఆ రాడికల్ పడే వేగం కంటే టోకోఫెరాల్‌తో చర్య జరిపే వేగం వెయ్యి రెట్లకు పైనే, అందుకే పొరలో సుమారు వెయ్యి లిపిడ్ (కొవ్వు) అణువులకు ఒక్కటి, చాలాచోట్ల అంతకంటే తక్కువ ఉన్నా పని జరుగుతుంది. హైడ్రోజన్ ఇచ్చాక అది కూడా రాడికలే, కానీ చాలా నెమ్మదైనది, గొలుసును ముందుకు నడిపే ఊపు దానికి ఉండదు. పొర అంచున నీటి వైపు నుంచి విటమిన్ సి వచ్చి దానికి మళ్లీ హైడ్రోజన్ అందించి పాత రూపానికి తెస్తుంది. ఈ మరమ్మతు జరుగుతుందని 1968లో ఆల్ టాపెల్ అనే శాస్త్రవేత్త ఊహించాడు, 1979లో ప్యాకర్, స్లేటర్, విల్సన్‌ అనే పరిశోధకులు పరీక్షనాళికలో నేరుగా చూశారు. ఉసిరికాయను ఇష్టంగా రాశావు కదా, అందులోని విటమిన్ సికి ఈ కథలో చోటు ఇక్కడే. పొర లోపల కాదు, అంచున.

ఇంకొకటి. మొక్క ఇవన్నీ మన కోసం చేసుకోలేదు. ఆకులోని హరితరేణువుల్లో ఉండే థైలకాయిడ్ పొరల సంగతి ఆలోచించు, మూడు డబుల్ బాండ్ల లినోలెనిక్ ఆమ్లంతో నిండి ఉంటాయి, పైనుంచి ఎండ, నీటిని విడగొట్టి ఆక్సిజన్ విడుదల చేసేదీ అక్కడే. కొవ్వు చెడడానికి ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? అందుకే మొక్క అక్కడ కెరోటినాయిడ్లను (క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్ లాంటివి), టోకోఫెరాల్‌ను పెట్టుకుంది. విత్తనానిదీ అదే అవసరం, లోపల నూనె దాచుకుని నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి ఎండుగా ఎదురుచూడాలి. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో టోకోఫెరాల్ తయారీ ఆగిపోయిన రకాలను 2004లో పరిశీలిస్తే, వాటి విత్తనాలు నిల్వలో తొందరగా మొలకశక్తి పోగొట్టుకున్నాయి, మొలిచిన వాటిలోనూ కొవ్వు విపరీతంగా ఆక్సీకరణ చెందింది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది. నువ్వు దీనికి ఒక పేరా అయినా ఇస్తే సంతోషిస్తాను.

నువ్వులూ అంతే. ఆవకాయకు నువ్వుల నూనే పోయాలని మన ఇళ్లలో పట్టుబట్టేది రుచి కోసమే కాదు, ఆ నూనె తొందరగా ముక్కదు. అందులో గామా టోకోఫెరాల్‌తో పాటు సెసమిన్, సెసమోలిన్ లాంటివి ఉంటాయి, వేడికి సెసమోలిన్ నుంచి వచ్చే సెసమాల్ మంచి యాంటీఆక్సిడెంట్. కానీ ఇక్కడే జాగ్రత్త. జాడీలో నూనెను కాపాడింది కాబట్టి మన కణాన్నీ అలాగే కాపాడుతుందని రాయకు. తిన్న విటమిన్ ఇ రకాల్లో మన కాలేయం ఆల్ఫాను ఏరి పట్టుకుని రక్తంలోకి పంపుతుంది, గామాను ఎక్కువభాగం బయటికి పంపేస్తుంది. జాడీకి కాలేయం లేదు, మనకుంది.

నీ వ్యాసంలో ఒకచోట "ఈ ఆకు రసం 90 శాతం ఫ్రీ రాడికల్స్‌ను నాశనం చేసిందని తేలింది" అని ఉంది. ఏ పరీక్షలో తేలిందో చూశావా? చాలావాటిలో అది డీపీపీహెచ్ పరీక్ష అయి ఉంటుంది. డీపీపీహెచ్ అనే నిలకడైన రాడికల్‌ని మిథనాల్‌లో కలిపితే వచ్చే ముదురు ఊదారంగు ద్రవంలో ఆకు రసం వేస్తే, రంగు పలచబడి పసుపుకు తిరుగుతుంది, 517 నానోమీటర్ల కాంతిని ఆ ద్రవం పీల్చుకోవడం ఎంత తగ్గిందో కొలుస్తారు. చవకైనది, తేలికైనది, కాలేజీ ల్యాబ్‌లో చేసేయొచ్చు, ఫినాల్స్ ఉన్న ఏ ఆకు వేసినా రంగు ఎంతో కొంత మారుతుంది. ఆ గాజు గొట్టంలో కణం లేదు, పొర లేదు, ఆక్సిజన్ నడిపే గొలుసూ లేదు. ఎర్ర రక్తకణాల పొర పగలకుండా ఎంత ఆపిందో, కొవ్వు చెడినప్పుడు వచ్చే మాలోన్‌డైఆల్డిహైడ్ ఎంత తగ్గిందో కొలిచిన పరీక్ష ఉంటే అది ఒక మెట్టు దగ్గర, అయినా అదీ ల్యాబే. ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, పసుపులోని కర్క్యుమిన్ లాంటివి పేగులోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ, చేరినవాటినీ శరీరం మార్చేస్తుంది. కాబట్టి ప్రతి వాక్యం దగ్గరా నిన్ను నువ్వు అడుగు: ఇది గొట్టంలో జరిగిందా, కణంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? జవాబును ఆ వాక్యంలోనే రాయి, పాఠకుడు వెతుక్కునేలా ఎక్కడో అడుగున పెట్టకు.

మనుషుల్లో ఏం జరిగిందో మాత్రం వదలకు, అది అందంగా లేకపోయినా సరే. కెరోటిన్ ఉన్న కూరలు, పళ్లు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని సర్వేలు చెబుతుంటే, ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్లతో పెద్ద పరీక్ష చేశారు. 1994లో ఫలితం వచ్చింది: రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో సిగరెట్ తాగేవాళ్లకు, మానేసినవాళ్లకు, ఆస్బెస్టాస్ పనివాళ్లకు బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చిన ఇంకో పరీక్షను 1996 జనవరిలో గడువుకు ముందే ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ. గొలుసు గురించి రాసినదంతా నిజమే, ఇదీ నిజమే. కూరలో ఉన్న కెరోటిన్ వేరు, పొగతాగే మనిషికి రోజూ మాత్రగా పెద్ద మోతాదులో ఇచ్చింది వేరు. నీ పాఠకుల్లో రోజుకు పెట్టె సిగరెట్లు తాగుతూ మెడికల్ షాపులో యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొనుక్కునేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల కోసం ఈ పేరా మధ్యలోనే పెట్టు, చివరికి నెట్టకు.

ఇక ఆఖరున పెట్టిన ఓరాక్ స్కోర్ల (ఆహారాల యాంటీఆక్సిడెంట్ బలాన్ని చూపే అంకెల) పట్టిక తీసెయ్. ఆ అంకెలు కూడా గాజు గొట్టంలో కొలిచినవే. వాటి పట్టికను నడిపిన అమెరికా వ్యవసాయ శాఖే, అవి మనిషి ఒంట్లో జరిగేదాన్ని చెప్పవని, కంపెనీలు సరుకు అమ్ముకోవడానికి వాడుకుంటున్నాయని 2012లో తన సైట్ నుంచి తీసేసింది. ఆ ఖాళీలో థైలకాయిడ్ పేరా పడుతుంది. సవరించాక పంపు, మళ్లీ చదువుతాను.