ఫ్లోరిడాలో అద్దె విమానం: గంట రేటు ఒకటి, చేతికొచ్చే బిల్లు ఇంకొకటి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, రొయ్యల సాగు. జూలైలో నేనూ మా ఆవిడా డల్లాస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. వాడికి ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉంది. ఒర్లాండోలో సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం అద్దెకు తీసుకుని, కోడలితో కలిపి నలుగురం ఫ్లోరిడా దక్షిణ కొసనున్న కీ వెస్ట్ దీవికి వెళ్లి, రెండు రాత్రులుండి రావాలని వాడి ఆశ. గంటకు 190 డాలర్లట. రానూపోనూ నాలుగున్నర గంటలే కాబట్టి ఖర్చంతా నేనే పెట్టుకుంటానన్నాను. తర్వాతి పంట మేతకు ఉంచిన డబ్బులోంచి మూడు లక్షలు తీయొచ్చా?

జవాబు: తీయొద్దండీ. సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల ధరలు ఎలా పడ్డాయో మీరు చూశారు. గుంటలో రొయ్య పిల్ల వేశాక మేత డబ్బు తక్కువైతే వడ్డీకి తేవాల్సిందే.

పైగా ఖర్చంతా మీరే పెట్టడం అక్కడి నిబంధనలకు సరిపడదు. ప్రైవేటు లైసెన్సు ఉన్న పైలట్ తన వెంట వచ్చేవాళ్లతో ఇంధనం, అద్దె, విమానాశ్రయ రుసుములు పంచుకోవచ్చు గానీ, తన సమాన వాటాకు తగ్గకుండా తాను పెట్టుకోవాలి. నలుగురు ఎక్కితే కనీసం నాలుగో వంతు మీ అబ్బాయిదే.

ఇక బిల్లు. డాలరు 90 రూపాయల చొప్పున మీరు వేసుకున్న లెక్క 855 డాలర్లు, అంటే దాదాపు 77 వేలు. కానీ విమానం రాత్రిళ్లు మీ దగ్గరే ఉంటే రోజుకు ఇన్ని గంటలని కనీస అద్దె వసూలు చేస్తారు. రెండు మూడు గంటలు మామూలే. రోజుకు మూడు గంటలైతే మూడు రోజులకు తొమ్మిది గంటలు, 1,710 డాలర్లు. మీరు ఎగిరింది అందులో సగమే అయినా అంతే. కొత్త చోట అద్దెకిచ్చే ముందు వాళ్ల ఇన్‌స్ట్రక్టర్‌తో చెకౌట్ ఫ్లైట్, అంటే మీ అబ్బాయి ఎలా నడుపుతాడో చూసే పరీక్ష ప్రయాణం, తప్పదు. గంటన్నర విమానానికి 285, ఇన్‌స్ట్రక్టర్‌కు గంటకు 70 చొప్పున రెండు గంటలకు 140 వేసుకోండి. అద్దెదారు బీమాకు మరో 300. మొత్తం 2,435 డాలర్లు, అంటే దాదాపు 2 లక్షల 20 వేలు. పన్ను, కీ వెస్ట్‌లో పార్కింగు దీనికి అదనం.

ఆ గంట రేటులో ఇంధనం కలిసే ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. కలిసే ఉంటే దాన్ని వెట్ రేటు అంటారు. అప్పుడు కూడా బయట పోయించుకున్న ఇంధనానికి చాలాచోట్ల అద్దె సంస్థలు తమ సొంత ధర వరకే తిరిగి ఇస్తాయి, తేడా మీదే. ఇంజను ఆన్‌లో ఉన్న సమయాన్ని లెక్కించే హాబ్స్ మీటరు మీద బిల్లు వేస్తే రన్‌వే దగ్గర ఇంజను ఆన్‌లో ఉంచి వేచి ఉన్న సమయానికీ డబ్బు కట్టాలి. ఇంజను వేగాన్ని బట్టి లెక్కించే ట్యాక్ మీటరైతే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అంకె కూడా నెమ్మదిగా కదులుతుంది.

బరువు సంగతి డబ్బుకన్నా ముఖ్యం. 172ఎస్ రకంలో మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి సుమారు 400 కిలోలు. ట్యాంకుల్లో వాడుకోదగ్గ 53 గ్యాలన్లు నింపితే 144 కిలోలు దానికే పోతాయి, మిగిలేది 256. నలుగురు పెద్దవాళ్లు 290 కిలోలుంటే సామాను లేకుండానే దాటిపోయారు. ఇంధనం తగ్గించి ఎగరొచ్చు గానీ, ఫ్లోరిడాలో జూలై మధ్యాహ్నాలు ఉరుముల వానలకు పేరుపడ్డవి. చుట్టు తిరగాల్సి వస్తే చేతిలో అదనపు ఇంధనం ఉండాలి. మూడో రోజు వాతావరణం చెడితే ఆగిపోవడమే మంచిది. ఆగిన రోజుకూ కనీస అద్దె పడుతుందా, విమానం అక్కడే వదిలి వస్తే వెనక్కి తెచ్చే ఖర్చు ఎవరిది అన్నవి ఒప్పందంలో చూడాలి.

బీమా దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అద్దె సంస్థ పాలసీ ప్రధానంగా సంస్థనే కాపాడుతుంది. విమానం దెబ్బతింటే డిడక్టిబుల్, అంటే నష్టంలో బీమా చెల్లించని మొదటి భాగం, మీ అబ్బాయి కట్టాలి, మిగతా సొమ్ము కోసం కూడా బీమా కంపెనీ అతని మీదికి రావచ్చు. తక్కువ ప్రీమియం అద్దెదారు పాలసీల్లో ఇతరులకు జరిగిన నష్టమే ఉంటుంది, అద్దె విమానానికి జరిగిన నష్టాన్ని విడిగా చేర్చుకోవాలి.

నా సలహా: కీ వెస్ట్‌కు కారులో వెళ్లండి. ఒర్లాండో నుంచి దాదాపు ఏడు గంటలు, దారిలో సముద్రం మీద సెవెన్ మైల్ బ్రిడ్జి చూడొచ్చు. కొడుకు నడిపే విమానం ఎక్కాలన్న కోరిక డల్లాస్‌లోనే తీర్చుకోండి. అతను మామూలుగా ఎగిరే చోట చెకౌట్ ఖర్చు మళ్లీ ఉండదు. అదే రేటుకు పొద్దున్నే గంటన్నర తిరిగితే 285 డాలర్లు, 26 వేల లోపు. ఇద్దరిద్దరుగా ఎక్కితే బరువు బెంగా తగ్గుతుంది. అప్పుడు వాటాలు ఎక్కినవాళ్లను బట్టి మారతాయి. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు, గత 24 నెలల్లో ఫ్లైట్ రివ్యూ (ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే పునఃపరిశీలన) అయి ఉండాలి. లేకపోతే వాటి ఖర్చు వేరు.

టికెట్లు తీసుకునేలోపు మీ ప్రయాణ బీమా, ప్రమాద బీమా పత్రాల్లో మినహాయింపుల పేజీ తీయండి. కొన్ని పాలసీలు టికెట్ కొని ఎక్కిన విమానాలకే వర్తిస్తాయి, కొన్ని లైసెన్సున్న ఏ విమానానికైనా ఒప్పుకుంటాయి. ప్రైవేటు చిన్న విమానంలో ప్రయాణికుడిగా ఎక్కితే వర్తిస్తుందా అని కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏజెంటు నోటిమాట సరిపోదు.