అమెరికా కొలంబస్‌లో ఉన్న అమ్మలుకు పెద్దమ్మ ఉత్తరం

రాజమండ్రి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. అల్లుడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోతాడనీ, నీకింకా పని చేసే పర్మిట్ రాలేదనీ, కిటికీ దగ్గర కూర్చుని పిట్టల్ని చూస్తున్నాననీ చెప్పావు. మార్గరెట్ మోర్స్ నైస్ పతకం గురించి ఎక్కడో చదివావట. "పెద్దమ్మా, అలాంటిది రావాలంటే ఏం చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగావు. ఆ ఊళ్లో పద్దెనిమిదేళ్లు ఉన్నదాన్ని, అందులో పన్నెండేళ్లు ఒకే నది గట్టు మీద పిట్టల సంగతులు రాసుకున్నదాన్ని. నాకు తెలిసింది చెబుతాను.

ఆ పతకాన్ని అమెరికాలో విల్సన్ ఆర్నిథలాజికల్ సొసైటీ అనే పక్షిశాస్త్ర సంఘం వాళ్లు 1997లో పెట్టారు. పక్షుల అధ్యయనానికి జీవితమంతా ఇచ్చినవాళ్లకు ఇస్తారు. దాన్ని ఎలా తెచ్చుకోవాలో నేను చెప్పలేను గానీ, దాని మీద పేరున్న మనిషి ఏం చేసిందో నువ్వు తెలుసుకోవాలి. ఎందుకంటే ఆవిడ ఆ పని చేసింది నువ్వున్న ఊళ్లోనే.

1927లో భర్తకు ఓహియో స్టేట్ యూనివర్సిటీలో ఉద్యోగమొస్తే ఆవిడ కొలంబస్ వచ్చారు. ఐదుగురు ఆడపిల్లల్ని కన్న తల్లి. ఎం.ఏ. ఉంది, పీహెచ్‌డీ లేదు. యూనివర్సిటీలో ఉద్యోగమూ లేదు. ఓలెంటాంజీ నది పక్కన ఇల్లు. ఇంటి వెనక రెండు వంతెనల మధ్య, వరదొస్తే మునిగే పొదల నేల. దానికి ఇంటర్‌పాంట్ అని తనే పేరు పెట్టుకున్నారు. 1928 నుంచి 1936 దాకా ఆ నేల మీదే సాంగ్ స్పారో అనే చిన్న పాటల పిట్టలను చూశారు. వాటిని పట్టి, కాళ్లకు రంగు రింగులు వేసి, ఏ పిట్ట ఏదో విడివిడిగా గుర్తుపట్టి, ఏది ఎవరితో జత కట్టింది, ఎక్కడిదాకా తన హద్దు అనుకుంది, ఎన్ని పిల్లలు బతికాయి, చలికాలం ఏది ఉండిపోయింది, ఏది దక్షిణానికి వెళ్లింది, అన్నీ రాశారు. అప్పటిదాకా చాలామంది చేసిన పని ఏ జాతి ఎక్కడ కనిపించిందో జాబితా రాయడమే. ఒక్క పిట్ట బతుకును ఏళ్ల తరబడి వెంబడించడం కొత్త.

4ఎం అని నంబరు పెట్టుకున్న ఒక మగపిట్ట ఉండేది ఆవిడకు. ఒక మే నెల రోజున చీకటి విడవక ముందు నుంచి మళ్లీ చీకటి పడేదాకా దాని వెంటే ఉండి, అది పాడిన ప్రతి పాటా లెక్కపెట్టారు. 2,305 పాటలు. మేలో అక్కడ పగలు పద్నాలుగు గంటలు ఉంటుంది కదా, గంటకు నూట అరవై దాకా పడతాయి. ఆ అంకె చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఏ పరికరమూ లేదు, కాయితం, పెన్సిలు, ఓపిక. నువ్వు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఆ ఒక్క రోజులోనే ఉంది.

కాబట్టి మొదటి మాట: ఊళ్లన్నీ తిరిగి రెండు వందల జాతులు చూశానని లెక్క చెప్పుకోవాలని చూడకు. ఒక చోటు ఎంచుకో. నడిచి వెళ్లగలిగేంత దగ్గరగా, మంచు పడ్డ రోజు కూడా వెళ్లగలిగేలా ఉండాలి. ఓలెంటాంజీ గట్టు వెంట నడక దారి ఉంది, దానిలో ఒక ఫర్లాంగు చాలు. అక్కడ ఒక్క జాతిని పట్టుకో. సాంగ్ స్పారో అయితే మరీ మంచిది. మన ఊరపిచ్చుక అంతే ఉంటుంది. రొమ్ము మీద గోధుమరంగు చారలు, ఆ చారలన్నీ కలిసి మధ్యలో ఒక మచ్చలా కనిపిస్తాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి ఏడాది చూసింది చూసినట్టు రాయలేదు. వంటపని, పిల్లల హోంవర్కు అయ్యాక రాత్రి పది గంటలకు గుర్తు తెచ్చుకుని రాసేదాన్ని. కంచె గుంజ మీద పాడే పిట్ట మూడు స్వరాలతో ఎత్తుకుంటుంది, అది నా పిట్ట అని రాసుకున్నాను. చలికాలమంతా అదే ఉందని నమ్మాను. మార్చిలో ఒక పొద్దున గుంజ మీద ఒకటి, సుమాక్ పొద మీద ఒకటి ఒకేసారి పాడాయి. రెండూ మూడు స్వరాలతోనే ఎత్తుకున్నాయి. కాసేపటికి గుంజ మీదిది పాటే మార్చేసింది. ఒక్కో మగపిట్టకు ఎనిమిదీ పది రకాల పాటలుంటాయని, ఒకదాన్నే పదే పదే పాడి తర్వాత ఇంకోదానికి మారుతుందని అప్పటికి నాకు తెలియదు. ఏడాది రాసిన రాతలో ఏది ఏ పిట్టదో ఇక తేల్చలేకపోయాను. చాలా ఏడ్చాను అమ్మలూ.

అందుకే చెబుతున్నాను, అక్కడే నిలబడి రాయి. టైము, చలి ఎంత, గాలి ఉందా, పిట్ట ఏ కొమ్మ మీద ఉంది, ఏం చేసింది. నువ్వు చూసింది ఒక పక్క, నువ్వు అనుకున్నది ఇంకో పక్క రాయి. ఆ రెండూ కలిపితే పదేళ్ల తర్వాత నీకే తెలియదు. పాటలు ఫోన్లో రికార్డు చేసి ఒక్కో పిట్టకు ఒక్కో ఫోల్డరు పెట్టు. మెర్లిన్ యాప్ జాతి పేరు చెబుతుంది, కానీ అది ఏ పిట్టో చెప్పదు. అది నీ చెవి పని.

రింగులు వేయాలని మాత్రం అనుకోకు. దానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే పర్మిట్ కావాలి. 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం నేల మీద రాలిన ఈకను ఇంటికి తెచ్చుకోవడం కూడా తప్పే, చాలామంది మనవాళ్లకు ఈ సంగతి తెలియదు. గూడు నేలకు దగ్గరగా, గడ్డిలో ఉంటుంది. కనిపిస్తే దూరం నుంచే చూడు. కౌబర్డ్ అని ఒకటుంది, మన కోకిల కాకి గూట్లో పెట్టినట్టు వీటి గూళ్లలో గుడ్లు పెట్టిపోతుంది. దాని పిల్లకు ఈ చిన్న తల్లి మేత పెడుతుంటే చూడలేక చెయ్యి పెట్టాలనిపిస్తుంది. పెట్టకు, రాసుకో.

ఊరికే చూడటం కన్నా ఒక ప్రశ్న పట్టుకుని చూడు. మార్గరెట్ గారు కొలంబస్‌కు ముందు ఓక్లహోమాలో ఉండగా, ఆగస్టుకల్లా పావురాల గూళ్లు అయిపోతాయి కాబట్టి అప్పటి నుంచే వేట పెట్టొచ్చని కొందరన్నారు. ఆవిడ నిజమా అని వెళ్లి గూళ్లు లెక్కపెట్టారు. సెప్టెంబరు దాటినా గూళ్లలో పిల్లలున్నాయి. నీకు కూడా అంత చిన్న ప్రశ్న చాలు. ఈ గట్టు మీద మొదటి పాట ఏ తేదీన వినిపిస్తుంది? అక్కడ చలి ఇంకా పోకముందే, జనవరి చివర, ఫిబ్రవరిలోనే మొదలుపెడతాయి.

ఇంకొకటి, ఇతరులు రాసింది చదువు. ఆవిడ సాంగ్ స్పారో గ్రంథం మొదటి భాగం 1937లో, రెండోది 1943లో వచ్చాయి. ఆ మొదటి భాగానికి 1942లో అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల సంఘం వాళ్లు బ్రూస్టర్ పతకం ఇచ్చారు. అంత పనిలోనూ ఇతరుల పరిశోధనల మీద మూడు వేలకు పైగా సమీక్షలు రాశారు. తనను ఎవరైనా ఇల్లాలు అని తేలిగ్గా అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు, నేను శిక్షణ పొందిన జంతుశాస్త్రవేత్తను అనేవారు. నిన్ను కూడా పార్టీల్లో "ఖాళీగా ఉన్నావుగా" అంటారు. నోట్సు రాస్తున్నాను అని చెప్పు, అంతే.

ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పురుగులున్నాయి, టిక్స్ అంటారు. సాక్సులోకి ప్యాంటు దోపుకుని వెళ్లు, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక చూసుకో. బైనాక్యులర్ 8x42 కొనుక్కో, సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు. నోటుబుక్కు మాత్రం కుట్టుడుది కొను, స్పైరల్ కాయితాలు ఊడిపోతాయి.

నేనిక్కడ పెరట్లో జెముడు కాకి జంటను రాస్తున్నాను. ఇవాళ పొద్దున ఆరూ ఇరవైకి గోడ మీద నుంచి మామిడి చెట్టులోకి ఈనెపుల్ల పట్టుకెళ్లింది. నీ మొదటి పేజీ రాశాక ఫోటో తీసి పంపు, కొట్టివేతలతో సహా.

అల్లుడికి ఆశీస్సులు.

మీ పెద్దమ్మ