నవోషిమాకు అమ్మానాన్నలను తీసుకెళ్లే ముందు

స్రవంతీ,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, అక్టోబరులో వాళ్లు ఒసాకా వచ్చినప్పుడు ఆర్ట్ మ్యూజియాలున్న నవోషిమా, తేషిమా రెండు దీవులూ ఒక్కరోజులో చూపించేద్దామనుకుంటున్నావట. ఆ ప్లాన్ మార్చు. నవోషిమా ఒక్కటే పెట్టుకో, వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండండి. కోబేలో ఉన్నన్నాళ్లూ మన చుట్టాలు ఎవరొచ్చినా మీ పెదనాన్నా నేనూ అక్కడికి తీసుకెళ్లేవాళ్లం, పరుగులు పెట్టి చూసినవాళ్లకి కాంక్రీటు గోడలు తప్ప ఏమీ గుర్తులేదు, తీరిగ్గా కూర్చున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ దాని గురించే మాట్లాడతారు.

సోమవారం వెళ్లొద్దు. నవోషిమాలో ముఖ్యంగా చూడాల్సిన చిచూ ఆర్ట్ మ్యూజియం ఆ రోజు మూసేస్తారు, ఒకవేళ ఆ సోమవారం ప్రభుత్వ సెలవైతే తెరిచి ఉంచి మర్నాడు మూస్తారు. అక్టోబరు రెండో సోమవారం సెలవు కాబట్టి ఆ వారం తేదీలు రెండుసార్లు చూసుకో. చిచూకి టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీయాలి, ఏ టైముకి లోపలికి వెళ్తారో కూడా అప్పుడే ఎంచుకోవాలి. అక్కడికెళ్లి చూద్దాంలే అనుకుంటే గేటు దగ్గరే టెన్షన్. పొద్దుటి టైము తీసుకో, తర్వాత రెండు మూడు గంటల వరకు ఇంకేమీ పెట్టుకోకు.

దారి తేలికే. షిన్-ఒసాకాలో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కి ఒకయామాలో దిగండి, అక్కడినుంచి లోకల్ రైల్లో ఉనో (మధ్యలో చయామాచిలో మారాల్సి రావచ్చు), ఉనో నుంచి మియానోఉరా రేవుకి పడవలో ఇరవై నిమిషాలు. ముందు పడవ టైములు రాసుకుని మిగతాదంతా దాని చుట్టూ అల్లుకో, ముఖ్యంగా తిరుగు పడవలు. దీవిలో ఎత్తుపల్లాలు ఎక్కువ, మీ అమ్మ మోకాళ్లతో సైకిలు మాట ఎత్తకు. రేవు దగ్గర ఊరి బస్సు ఎక్కి త్సుత్సుజి-సోలో దిగితే అక్కడినుంచి మ్యూజియం వాళ్ల ఉచిత బస్సు చిచూ దాకా తీసుకెళ్తుంది. పెద్ద బ్యాగులు రేవులోనో హోటల్లోనో పెట్టేయండి.

ఇక చిచూ. ఆర్కిటెక్ట్ తదావో ఆండో కట్టిన మ్యూజియం ఇది, 2004లో తెరిచారు. కొండ అందం చెడకూడదని దాదాపు అంతా భూమిలోపలే కట్టాడు. భూమిలోపల అన్నానని చీకటిగా ఉంటుందనుకోకు, పైనుంచి పగటి వెలుతురు గదుల్లోకి దిగుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే బొమ్మలున్న గదిలో ఒక్క లైటు కూడా ఉండదు. బయట మబ్బు పట్టిందంటే లోపల బొమ్మల రంగు మారిపోతుంది, మబ్బు విడిపోతే మళ్లీ ఇంకోలా. అందుకే ఒకసారి చూసి బయటికొచ్చేయొద్దంటున్నాను. కాసేపు నిలబడండి, వేరే గదులు చూసి మళ్లీ ఆ గదికే రండి. అక్కడున్న ఐదూ మోనే చివరి రోజుల్లో వేసిన కలువలే, వాటిలో పెద్దది ఆరు మీటర్ల పొడవు. కంట్లో శుక్లాలు ముదిరి రంగులు సరిగా కనపడని ఏళ్లలో కూడా ఆయన ఆ చెరువునే వేస్తూ ఉన్నాడు. మీ అమ్మ కొల్లేరు పక్క ఊళ్లో కలువల మధ్య పెరిగిన మనిషి, ఆవిడకి నువ్వు ఏమీ వివరించనక్కర్లేదు. ఆవిడేమంటుందో విను, అంతే. ఆ గదిలోకి చెప్పులు విప్పి వాళ్లిచ్చే స్లిప్పర్లు వేసుకుని వెళ్లాలి, కాబట్టి వంగి లేసులు కట్టుకునే బూట్లు వద్దని ముందే చెప్పు.

అదే మ్యూజియంలో, వెలుతురుతోనే కళ చేసే జేమ్స్ టరెల్ గదిలో కొన్ని మెట్లెక్కి నీలం వెలుగులోకి నడవాలి. ఎక్కడ గోడో ఎక్కడ ఖాళీనో తెలియదు, అమ్మ చేయి పట్టుకో. శిల్పి వాల్టర్ డి మారియా గదిలో పెద్ద నల్లరాతి గోళం, చుట్టూ బంగారు పూత చెక్క స్తంభాలు ఉంటాయి, అడుగుల చప్పుడు కూడా మారుమోగుతుంది, గుసగుసగా మాట్లాడండి. ఫొటోలు తీయనివ్వరు. నాకైతే అది చాలా మంచి నియమం, ఫోన్ పక్కన పెట్టాకే మన పిల్లలు కూడా నిజంగా చూడడం మొదలుపెట్టారు.

మీ నాన్న "ఇదేం ఆర్టమ్మా, దీన్లో ఏముంది?" అంటారు, అనే తీరతారు. వాదించకు. మధ్యాహ్నం హోన్‌మురా పల్లెకి తీసుకెళ్లి కదోయా అనే పాత ఇల్లు చూపించు. 1998లో మియాజిమా తత్సువో అనే కళాకారుడు అక్కడ నీళ్లలో అంకెలు చూపించే 125 దీపాలు అమర్చాడు, ఒక్కో దీపం ఎంత వేగంగా లెక్కపెట్టాలో ఆ ఊరివాళ్లే నిర్ణయించారు, ఐదేళ్ల పిల్లల నుంచి తొంభై ఐదేళ్ల పెద్దల వరకు. మీ నాన్న కరెంటాఫీసులో జీవితమంతా పనిచేసిన మనిషి, ఆ గదిలో ఆయన ముందు వైరింగ్ గురించి అడుగుతారు, తర్వాత ఆ ఊరివాళ్ల గురించి అడుగుతారు. ఆ పల్లెలోనే మినామిదెరా అని ఇంకో ఆర్ట్ కట్టడం ఉంది, కటిక చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లి కూర్చోవాలి. చీకటంటే భయం లేకపోతేనే తీసుకెళ్లు, లోపల ఏం జరుగుతుందో మాత్రం ముందే చెప్పేయకు.

కళాకారిణి కుసమా చేసిన పసుపు గుమ్మడికాయ శిల్పం దగ్గర ఫొటోలు తీసుకోండి, అది ఆరుబయటే, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన చిన్న గట్టు మీద ఉంటుంది. 1994లో పెట్టిన దాన్ని 2021 ఆగస్టులో తుఫాను ఎత్తుకుపోయింది, మరుసటి ఏడాది మళ్లీ చేసి పెట్టారు. దాని మీద ఎక్కొద్దు, ఆనుకోవద్దు.

తిండి విషయం అమ్మకి ముందే చెప్పు. చూడ్డానికి కూరగాయల సూపులా ఉన్నదాంట్లో కూడా చేపల రసం పడుతుంది, ఊడాన్ అనే నూడుల్స్ నీళ్లలోనూ అంతే. పులిహోర కలుపుకుని వెళ్లండి, పడవలోనో రేవు బెంచీ మీదో తినేయండి, మ్యూజియం లోపల బయటి తిండి తీయొద్దు. చెత్త వేయడానికి డబ్బాలు దొరకవు, ఒక కవరు వెంట ఉంచుకో.

తేషిమాని ఇంకోసారికి ఉంచు. అక్కడి మ్యూజియంలో నేల మీద నీటిచుక్కలు పుట్టి పాకడం చూడ్డానికే ఒక పూట పడుతుంది, హడావిడిలో అది వేస్ట్ అవుతుంది. టికెట్లు తీశాక తేదీలు నాకు పంపు, పడవ టైములు నేనూ ఒకసారి సరిచూస్తాను.

పెద్దమ్మ