పెళ్ళిచూపుల తర్వాత ఫోన్‌లో ఏం అడగాలి – సమాధానం

పెళ్ళిచూపుల్లో కలిసిన అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడితే పది నిమిషాలకే కాల్ ఆగిపోయిందని, ఇంకేం ప్రశ్నలు అడగాలో చెప్పమని మీరు రాశారు. కాల్ ఆగిపోవడానికి కారణం ప్రశ్నలు తక్కువవడం కాదు. మీరు అడిగానని రాసినవన్నీ (తిన్నారా, ఆఫీసు ఎలా ఉంది, వంట వచ్చా, సినిమాలు చూస్తారా) ఒక్క ముక్కలో తేలిపోయేవే. పైగా సగం బయోడేటాలో ఉన్నవే.

1. "వంట వచ్చా?" బదులు "ఆదివారం మీ ఇంట్లో ఎలా గడుస్తుంది?" అని అడగండి.

2. అందరూ వదిలేసేది ఇదే. జవాబు రాగానే లిస్టులో తర్వాతి ప్రశ్నకు దూకకండి, ఆ జవాబులోంచే ఇంకోటి తీయండి. ఆమె "ఆదివారం అమ్మమ్మ దగ్గరికి వెళ్తాను" అంటే "ఓహో, మీ హాబీలేంటి?" అనకండి. "చిన్నప్పుడు అక్కడే పెరిగారా?" అనండి. హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఇలా మాట అందుకుని అడిగేవాళ్ళే అవతలివాళ్ళకు ఎక్కువ నచ్చారని తేలింది. దీనికి లిస్టు అక్కర్లేదు, వినాలి అంతే.

3. మధ్యలో మీ సంగతులూ చెప్పండి. లేకపోతే ఇంటర్వ్యూలా ఉంటుంది.

4. పెళ్ళయ్యాక ఉద్యోగం, ఉండే ఊరు, అమ్మానాన్నల బాధ్యత, అప్పులు: ఇవి నిశ్చితార్థానికి ముందే మాట్లాడుకోవాలి, మొహమాటం వద్దు. ముందు మీది చెప్పి అడగండి: "నాన్న ఆపరేషన్‌కి తీసుకున్న లోన్ ఇంకా రెండేళ్ళు కట్టాలి. మీ వైపు అలాంటివేమైనా ఉన్నాయా?"

పాత ప్రేమల గురించి ఇప్పుడే తవ్వకండి. ఏ విషయమైనా ఆమె "తర్వాత చెప్తాను" అంటే అక్కడితో ఆపేయండి.