పట్టుపురుగు మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంట్లో పురుగులు పెంచేవాడివి కాబట్టి షెడ్డు, చంద్రికలు (పురుగులు గూళ్లు కట్టుకునే తడికెలు), ఆకు కోత అన్నీ కళ్లకు కట్టాయి. అక్కడ నేను పెన్ను పెట్టలేదు. సైన్సు మొదలైన చోటే తేడా కొట్టింది. పేరాకి మూడుసార్లు 'జన్యువు ఆదేశిస్తుంది' అన్నావు. ఎవరికి ఆదేశిస్తుంది? ఒంట్లో ఏ చోట? పురుగు ఏ వయసులో? అవేవీ చెప్పకుండా జన్యువు అంటే, తలరాత అన్నట్టే ఉంటుంది.

నీకు తెలిసిన పురుగుతోనే మొదలుపెట్టు. నాలుగో జ్వరం, అంటే కుబుసం విడిచే దశ, దాటి బాగా మేసిన పురుగుని నీళ్ల గిన్నెలో కోసి చూస్తే, రెండు పక్కలా మెలికలు తిరిగిన మెరిసే గొట్టాలు కనిపిస్తాయి. అవే పట్టు గ్రంథులు. దారం లోపలి పోగు, అంటే ఫైబ్రోయిన్, గొట్టం వెనక భాగంలో తయారవుతుంది. దాన్ని అతికించే జిగురు సెరిసిన్ మధ్య భాగంలో. రెండుచోట్లా కణాల్లో ఉన్నవి అవే జన్యువులు. అయినా వెనక కణం జిగురు జోలికి పోదు, మధ్య కణం పోగు జోలికి పోదు. ఇంకో వింత ఉంది. ఈ గ్రంథిలో ఎన్ని కణాలుండాలో గుడ్డులో ఉండగానే ఖాయమైపోతుంది. తర్వాత అవి విభజన చెందవు. లోపల డీఎన్ఏని పదేపదే రెట్టింపు చేసుకుంటూ ఉబ్బిపోతాయంతే. ఇది రాయి. 'అద్భుత సృష్టి' అన్న మాట అవసరమే పడదు.

'ఎక్డైసోన్ విడుదలై పురుగు ప్యూపాగా మారుతుంది' అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎక్డైసోన్ అంటే పురుగు కుబుసం విడవడానికీ, ప్యూపాగా, అంటే గూట్లో కదలకుండా ఉండే దశకి, మారడానికీ కారణమయ్యే హార్మోను. కథంతా అక్కడే ఉంది కదయ్యా! 1940లో జపాన్‌లో ఫుకుడా అనే శాస్త్రవేత్త పట్టుపురుగు ఒంటి మధ్యలో దారం కట్టి బిగించాడు. ముందు సగం ప్యూపా అయింది, వెనక సగం పురుగుగానే ఉండిపోయింది. ఛాతీలో ఉండే గ్రంథిని తెచ్చి వెనక సగంలో పెడితే అప్పుడు అదీ మారింది. మరి ఆ గ్రంథి నుంచి వచ్చే పదార్థం ఏమిటి? 1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ స్ఫటికాలు తీశారు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఊరుకో.

ఆ హార్మోను రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. దాన్ని అందుకుని పట్టు గ్రంథి, గూడు కట్టడం అయ్యాక, చచ్చిపోతుంది. అదే హార్మోనుకి రెక్కలు కాబోయే కణాల ముద్ద ఎదగడం మొదలుపెడుతుంది. సాయంత్రం బడి గంట ఒక్కటే కొడతారు. పిల్లలు ఇంటికి పరిగెడతారు, ఆయా చీపురు అందుకుంటుంది. ఏ కణజాలం ఎలా స్పందించాలన్నది అందులో అంతకుముందే ఏ జన్యువులు తెరుచుకుని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. పైగా జువెనైల్ హార్మోను, అంటే పురుగుని పురుగుగానే ఉంచే హార్మోను, ఇంకా ఒంట్లో ఉంటే ఎక్డైసోన్ పొంగినా వచ్చేది మరో జ్వరమే, ప్యూపా కాదు. ఆ రెండో హార్మోనుని తయారుచేసే చిన్న గ్రంథుల్ని 1930ల్లో ఫ్రాన్స్‌లో బూన్యోల్ అనే శాస్త్రవేత్త లేత పురుగుల్లోంచి తీసేస్తే, అవి ఈడు రాకుండానే బుల్లి ప్యూపాలైపోయాయి. నీ వ్యాసానికి వెన్నెముక ఈ పేరాయే. ఇక్కడ తొందరపడకు.

'గూట్లో పురుగు పూర్తిగా కరిగి ద్రవమైపోతుంది' అన్న వాక్యం కొట్టేశాను. ఇంటర్నెట్‌లో అందరూ రాస్తారులే, అయినా తప్పే. కండరాలూ గ్రంథులూ చాలావరకు కరిగే మాట నిజం. గుండెగొట్టం, శ్వాసనాళాలు, నాడీ వ్యవస్థ మార్పులు చేసుకుంటూ కొనసాగుతాయి. అమెరికాలో 2008లో ఒక రకం గొంగళిపురుగులకి ఒక వాసన వచ్చినప్పుడల్లా షాక్ ఇచ్చారు. రెక్కలొచ్చాక కూడా అవి ఆ వాసనకి దూరంగా జరిగాయి. అంతా ద్రవమైపోతే ఆ జ్ఞాపకం ఎక్కడ దాగుంటుంది?

పండ్ల ఈగ ప్రయోగం కూడా ఉండాలంటే ఒక్కటి చాలు. 1995లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో గెరింగ్ బృందం, కంటికి సంబంధించిన 'ఐలెస్' అనే జన్యువుని కాళ్లూ రెక్కలూ కావాల్సిన కణజాలాల్లో పనిచేయించింది. ఈగకి కాళ్ల మీద, రెక్కల మీద కళ్లు మొలిచాయి. దానికి సాటి అయిన ఎలుక జన్యువుని తెచ్చి ఈగలో పెట్టినా మొలిచినవి ఈగ కళ్లే! ఎలుక కన్ను రాలేదు. జన్యువు తలుపు తట్టింది కానీ, లోపలున్నది ఈగ ఒళ్లు. అలాగని 'కాలితో చూసే ఈగ' అని హెడ్డింగ్ పెట్టేవు. కన్ను మొలవడం వేరు, చూపు రావడం వేరు.

చివరగా ఒక పని. మీ షెడ్డులో పురుగులు పండే వేళకి, అంటే మేత మాని గూడు కట్టడానికి సిద్ధమయ్యే వేళకి, ఆకు మీద 'సంపూర్ణ' కొడతారా? మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ తెచ్చిన మందు అది. మొక్కల నుంచి తీసిన ఎక్డైసోన్ తరహా పదార్థమే. ఎన్ని పురుగులు పండాక కొడతారో, ఎంతసేపటికి చంద్రికలెక్కుతాయో నాన్నగారిని అడిగి, దగ్గరుండి చూసి రాసి పంపు. మొదటి పేరా తీసేసి దాన్నే అక్కడ పెడదాం.

నీ శ్రేయోభిలాషి