ఎండలోనూ కార్బ్యురేటర్‌లో మంచు

ప్రశ్న: బయట 20 డిగ్రీల వేడి ఉన్నా కార్బ్యురేటర్‌లో మంచు పేరుకుని చిన్న విమానం ఇంజన్ ఆగిపోవచ్చంటారు. అదెలా సాధ్యం?

జవాబు: సాధ్యమే. ఇంజన్‌కు వెళ్లే గాలిలో పెట్రోలు కలిపే భాగమే కార్బ్యురేటర్; మంచుకు కావలసిన చలిని అది తనలోనే పుట్టించుకుంటుంది. ఇరుకైన గొంతు గుండా గాలి వేగంగా దూసుకుపోయేటప్పుడు పీడనం తగ్గి చల్లబడుతుంది. అక్కడే పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఈ రెండూ కలిసి ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు పైగా తగ్గించగలవు కాబట్టి, గాలిలో తేమ బాగా ఉంటే, అది ఇంజన్‌లోకి వెళ్లే గాలిని పెంచే, తగ్గించే థ్రాటిల్ పలక అంచున మంచుగా పేరుకుని గాలి దారిని మూసివేస్తుంది. కిందికి దిగడానికి థ్రాటిల్ తగ్గించినప్పుడు ఆ సందు మరీ సన్నబడుతుంది. అసలు ప్రమాదం అప్పుడే.

స్థిర కోణపు ప్రొపెల్లర్ (రెక్కల కోణం మారనిది) ఉన్న విమానంలో తొలి సూచన ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మెల్లగా పడిపోవడం. వెంటనే, కార్బ్యురేటర్‌లోకి వేడి గాలిని పంపే కార్బ్యురేటర్ హీట్ మీటను పూర్తిగా లాగాలి. కరిగిన నీరు లోపలికి పోయి ఇంజన్ కొద్దిసేపు దడదడలాడవచ్చు; అప్పుడు భయపడి మీటను వెనక్కి నెట్టకూడదు. ఈ మాట విద్యార్థి పైలట్లకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఆ వేడి వచ్చేది ఎగ్జాస్ట్ గొట్టం నుంచే గనుక, ఇంజన్ ఆగిపోయిన తర్వాత మంచును కరిగించే వేడి కూడా త్వరగా తరిగిపోతుంది.