మక్కు కుదరని పోస్టరు

విజయవాడ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కొండపల్లి బొమ్మల పోస్టరు ఫోనులో చూశాను. రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ చూశాను. ఫొటో బాగుంది. అంబారీ ఏనుగు మీద పక్కనుంచి పడిన వెలుగు ఇంకా బాగుంది. కానీ దాని చుట్టూ నువ్వు పేర్చిన ముగ్గు, తామర రేకులు, బంగారు వలయాలు, వెనకనుంచి చిమ్మే మెరుపు, వీటిలో ఒక్కటి కూడా ఆ ఏనుగుకు చుట్టం కాదు. అవే వలయాలు పెళ్లి శుభలేఖ మీదా సరిపోతాయి, నగల దుకాణం ఫ్లెక్సు మీదా సరిపోతాయి. ఎక్కడైనా సరిపోయేది మన పోస్టరుకు పనికిరాదు.

కొండపల్లిలో పని దగ్గరుండి చూశావు కదా. తెల్ల పొణికి చెక్కలో ఒళ్లు వేరుగా, కాళ్లూ చేతులూ వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతుకుతారు. పైన సున్నం పూస్తారు, ఆ తరువాతే రంగు. చెక్కలోంచి రాలిన పొట్టే మళ్లీ చెక్కను అతుకుతుంది, గమనించావా? ఫొటోకూ గీతలకూ మధ్య అతుకు కూడా అలాగే ఉండాలి. గీసేది ఆ ఫొటోలోంచే రాలాలి.

ఎలాగంటే, నువ్వు తీసిన ఫొటోల్లో ఉలి కింద చుట్టలు తిరిగిన చెక్క పెచ్చు ఒకటుంది. దాన్ని పెద్దది చేసి, ఆ వంపు మీదనే గీత లాగు. ఆ గీతే ఒక పోస్టరులో అంచు అవుతుంది, ఇంకోదాంట్లో ఏనుగు తొండం వైపు చూపును నడిపిస్తుంది. బయటినుంచి ఏ అలంకారమూ అరువు తెచ్చుకోనక్కరలేదు. 1924లో రష్యా కళాకారుడు రోడ్చెంకో ఒక ప్రచురణ సంస్థకు చేసిన పోస్టరు వెతికి చూడు. ఒకావిడ నోటి పక్కన చెయ్యి పెట్టుకుని కేక వేస్తుంటుంది. ఆ నోటిలోంచే త్రికోణం పుట్టి వెడల్పవుతుంది, అందులో ‘పుస్తకాలు’ అన్న మాట ఉంటుంది. ఫొటో ఆగిన చోట గీత అందుకుంది. అక్కడ అతుకు దాచలేదు సుమా, కావాలనే చూపించాడు. దాస్తే పూర్తిగా దాచు, చూపిస్తే ధైర్యంగా చూపించు. ఏనుగు చుట్టూ నువ్వు మసకగా వదిలిన తెల్ల అంచు ఈ రెంటికీ చెందదు.

వెలుగు సంగతి నాకు అవమానంతో తెలిసింది. కంప్యూటర్లు రాని రోజుల్లో ఒక దుకాణానికి క్యాలెండర్ చేశాను. బ్యారేజీ ఒక ఫొటో, ఇంద్రకీలాద్రి ఇంకో ఫొటో. కత్తెరతో కోసి, అట్ట మీద అంటించి, అంచులు కుంచెతో దిద్ది, భలే కుదిరిందని మురిసిపోయాను. ఆ దుకాణం పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, “మన బెజవాడకు ఇద్దరు సూర్యులా అబ్బాయ్?” అన్నాడు. బ్యారేజీ నీడ ఎడమకు, కొండ నీడ కుడికి! నీ ఏనుగుకు వెలుగు కుడినుంచి వస్తోంది, నువ్వు గీసిన వలయాల కింద నీడ కూడా కుడికే పడింది. అదే తప్పు.

ఆరు పోస్టర్ల వరుస అన్నావు కాబట్టి ఒక మాట. ఆరింటికీ ఒకే హంగు అద్దకు. చెక్క, చెక్కడం, మక్కు అతకడం, ఈ మూడింటికీ ఫొటోలు నలుపు తెలుపుల్లో ఉంచి, చెక్క రంగు గీత ఒక్కటే నడిపించు. నాలుగోది సున్నం పూత కదా, దాన్ని దాదాపు ఖాళీగా, తెల్లగా వదిలెయ్. భయపడకు. అయిదోదాంట్లో మొదటి ఎరుపు కనబడితే చూసేవాడికి ప్రాణం లేచొస్తుంది. ఆ ఎరుపు కూడా బొమ్మ మీదినుంచే తీసుకో, నీ కంప్యూటర్ చూపించే రంగుల పట్టీలోంచి వద్దు.

అక్షరాల దగ్గర మాత్రం కాస్త కోపం వచ్చింది. ‘కొండపల్లి’ పై వరుసలో, ‘బొమ్మలు’ కింది వరుసలో పెట్టావు. పైనున్న లావత్తు కింది వరుస నెత్తిన కూర్చుంది. ఇంగ్లీషుకు చాలిన ఎడం మనకు చాలదు, పైన గుడులు, కింద ఒత్తులు ఉన్నాయి. అక్షరానికి నల్ల అంచు కూడా తీసెయ్, ‘బొ’ కడుపు పూడుకుపోయింది. అక్షరాలకు చోటు ఫొటో తీసేటప్పుడే వదలాలి. బొమ్మను ఒక పక్కకు జరిపి, వెనక సాదా గోడ ఉంచి మళ్లీ తియ్యి.

ముద్రణ గురించి ఎక్కువ చెప్పను. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసే కాగితానికి అంగుళానికి 300 చుక్కలు ఉండేలా చూసుకో. తెర మీద వెలిగే చిలక పచ్చ నాలుగు రంగుల ముద్రణలో చప్పబడుతుంది. ప్రెస్సుకు ఇచ్చే ముందు ఒక నమూనా కాగితం మీద తీయించు.

ఆదివారం పొద్దున వస్తున్నాను. ఫోను చూపించకు. నమూనా గోడకు అంటించి ఉంచు, గుమ్మం దగ్గర నిలబడి చూస్తాను. ఏనుగు కంటే ముందు వలయాలు కనబడితే కాఫీ తాగకుండా వెళ్లిపోతానని మీ అమ్మతో కూడా చెప్పు.

మావయ్య